పానా పట్టిందని బోల్టు సరిపోయినట్టు కాదు

ప్రశ్న: మాది 1982 అంబాసిడర్ మార్క్ 4, పెట్రోలు బండి. నాన్నగారు వాడిన కారు. వెనక కమాను పట్టీలు దింపించి రబ్బరు బుష్షులు మార్పించాను. పాత బోల్టులు తుప్పు పట్టి బిగుసుకుపోతే కోయాల్సి వచ్చింది. వాటి బదులు షెడ్డులో ఉన్నవి వేశారు. పాతవి 19 నంబర్ పానాకే ఊడాయి, కొత్తవీ 19 నంబర్ పానాకే బిగిశాయి. అయినా నెలలో రెండుసార్లు కమాను ముందు కన్ను దగ్గరి బోల్టు వదులైంది. గతుకుల్లో టక్ టక్‌మంటోంది. వెర్నియర్‌తో కొలిస్తే కోసిన పాత ముక్క 12.6 మి.మీ., కొత్త బోల్టు 11.9 మి.మీ. వచ్చాయి. కాకినాడలో సముద్రపు గాలికి తుప్పు త్వరగా పడుతుంది. ఈసారి స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించాలా, లేక అన్నిటికంటే గట్టివని చెబుతున్న 12.9 గ్రేడు బోల్టులు కొనాలా? ముందు చక్రాల వైపు కూడా పని చేయించాలి. ఏం చూసి బోల్టు కొనాలో చెప్పండి.

సమాధానం: ముందు ఒక మాట. ఆ ముందు కన్ను (కమాను ముందు కొసన ఉండే గుండ్రటి చుట్ట) బోల్టు మార్చేదాకా బండి రోడ్డెక్కించకండి. అంబాసిడర్ వెనక ఇరుసును ముందుకీ వెనక్కీ కదలకుండా పట్టి ఉంచేవి కమాను పట్టీలే. బండి లాగేటప్పుడు వచ్చే తోపు, బ్రేకు వేసినప్పుడు వచ్చే లాగుడు ఆ ముందు కన్ను బోల్టు గుండానే బాడీకి చేరతాయి. అది తెగితే ఆ పక్క ఇరుసు వెనక్కి జారుతుంది, బండి అడ్డం తిరుగుతుంది.

మీ ప్రశ్నకు జవాబు మీరు కొలిచిన రెండు అంకెల్లోనే ఉంది. 12.6 అంటే అర అంగుళం బోల్టు. అర అంగుళం 12.7 మి.మీ., తయారీలో ఒక వెంట్రుక తక్కువగానే వస్తుంది. 11.9 అంటే మెట్రిక్ 12, అంటే ఎం12. మీ షెడ్డువాళ్లు మోసం చేశారని అనుకోవద్దు. వాళ్లను తప్పుదారి పట్టించింది ఆ 19 నంబర్ పానా. అర అంగుళం బోల్టు తల ముప్పావు అంగుళం, అంటే 19.05 మి.మీ. వెడల్పు. పాత కొలతల ఎం12 బోల్టు తల 19 మి.మీ. ఒకే పానా రెండిటికీ చక్కగా కూర్చుంటుంది. పానా చెప్పేది తల సైజు మాత్రమే. మర సంగతి దానికి తెలియదు.

అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. ఆ తరం బ్రిటిష్ కార్లు పాత విట్‌వర్త్, బీఎస్ఎఫ్ మరలను వదిలి, అమెరికాతో ఉమ్మడిగా కుదుర్చుకున్న యూనిఫైడ్ మరలకు మారాయి. అందుకే ఉత్తరపారాలో తయారైన మీ బండి కింది భాగంలో ప్రధానంగా కనిపించేది యూఎన్ఎఫ్, అంటే యూనిఫైడ్ సన్న మర. పోత లోహంలోకి దిగే స్టడ్ల దగ్గర యూఎన్‌సీ, అంటే ముతక మర ఎదురుకావచ్చు. 1990ల తొలినాళ్ల నుంచి వచ్చిన ఇసుజు ఇంజను బండ్లలో ఇంజను మీద మెట్రిక్ బోల్టులుంటాయి. అంబాసిడర్లు బాగుచేసే షెడ్డులో డబ్బా బోర్లిస్తే రెండు రకాలూ కలిసే దొర్లుతాయి.

తేడా 0.7 మి.మీ.యే కదా అనిపిస్తుంది. దీనివల్ల రెండు రకాల ప్రమాదం ఉంది, రెండోది మరీ చెడ్డది.

మొదటిది: ఎం12 బోల్టుకు ఎం12 నట్టే వేశారనుకుందాం. బుష్షు లోపలి ఇనుప గొట్టం అర అంగుళానికి చేసింది. 12 మి.మీ. బోల్టు అందులో 0.7 మి.మీ. అటూఇటూ ఆడుతుంది. బిగింపు పూర్తిగా ఉన్నంతకాలం రాపిడి పట్టే గొట్టాన్ని నిలబెడుతుంది. కొంచెం సడలిందా, ప్రతి గతుకుకూ గొట్టం బోల్టును సుత్తిలా కొడుతుంది. మీకు వినపడుతున్న టక్ టక్ అదే కావచ్చు. కొన్ని వారాలు అలాగే నడిస్తే బ్రాకెట్టు రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి సాగుతుంది.

రెండోది: ఎం12 సన్న మర బోల్టును అర అంగుళం యూఎన్ఎఫ్ నట్టులోకి ఎక్కించడం. జపాన్ వంశపు కార్లలో విరివిగా కనిపించే ఎం12 మరకు చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం 1.25 మి.మీ. అర అంగుళం యూఎన్ఎఫ్‌కు అంగుళానికి 20 చుట్లు, అంటే 1.27 మి.మీ. నట్టు పది చుట్లు తిరిగినా పేరుకునే తేడా 0.2 మి.మీ. దాటదు. కాబట్టి అది ఎక్కడా ఆగకుండా వేళ్లతోనే చివరిదాకా ఎక్కుతుంది, పానా వేస్తే బిగిసినట్టే తోస్తుంది. కానీ మరల పళ్లు ఒకదానిలో ఒకటి దిగింది పక్కకు పావు మిల్లీమీటరు మాత్రమే. ఉండాల్సిన లోతులో మూడో వంతు. బరువు పడ్డాక ఆ పళ్ల అంచులు గీసుకుపోయి నట్టు బోల్టు మీంచి జారిపోతుంది. ఇదే గొడవ 7/16 అంగుళం యూఎన్ఎఫ్ బోల్టు మీద ఎం12 సన్న మర నట్టు వేసినా వస్తుంది. అక్కడా 20 చుట్లే. సులువుగా ఎక్కడం సరైన నట్టు లక్షణం కాదు. వేళ్లతో నట్టును సగం దాకా ఎక్కించి పక్కకు ఊపి చూడండి. కదలిక తెలిసేంత ఉంటే ఆ జత తప్పు.

మరను కొలవడానికి పిచ్ గేజి కొనుక్కోండి. అంగుళాల ఆకులూ మెట్రిక్ ఆకులూ రెండూ ఉన్నది కావాలి. గేజి లేకపోతే, అరగని చోట సరిగ్గా 12.7 మి.మీ. పొడవు గుర్తు పెట్టి చుట్లు లెక్కపెట్టండి. పది వస్తే 20 చుట్ల మర, పన్నెండు వస్తే 24. యూఎన్ఎఫ్‌లో మీకు తగిలే సైజులివి: పావు అంగుళానికి 28 చుట్లు, 5/16కు 24, 3/8కి 24, 7/16కు 20, అర అంగుళానికి 20, 9/16కు 18. అర అంగుళం బోల్టుకు 16 చుట్లు లెక్క తేలితే అది బీఎస్ఎఫ్, 13 వస్తే యూఎన్‌సీ, 12 వస్తే విట్‌వర్త్. నలభై ఏళ్ల బండిలో ఏ చేయి ఏ ట్యాప్ (రంధ్రంలో మర కోసే పనిముట్టు) వేసిందో చెప్పలేం. అందుకే ప్రతి చోటా పుస్తకంలో ఉన్న సైజును కాదు, మీ బండిలో ఉన్న రంధ్రాన్నీ బుష్షు గొట్టాన్నీ కొలిచి కొనండి.

పానాల విషయం కూడా ఇక్కడే చెప్పుకుందాం. 5/16 బోల్టు తల అర అంగుళం, 13 నంబర్ పట్టుతుంది. 3/8 బోల్టు తల 9/16 అంగుళం, 14.3 మి.మీ. దానికి 14 దిగదు, 15 వేస్తే మూలలు గుండ్రమైపోతాయి. 9/16, 11/16 అంగుళాల పానాలు, గొట్టం పానాలు ఈ బండికి తప్పనిసరి. తక్కినవాటికి మెట్రిక్‌తో నెట్టుకురావచ్చు.

ఇక బలం. అర అంగుళం మంచి బోల్టును సరిగ్గా బిగిస్తే దాని పట్టు దాదాపు నాలుగున్నర టన్నులు. బ్రాకెట్టునూ గొట్టాన్నీ కదలకుండా ఉంచేది ఆ పట్టు వల్ల పుట్టే రాపిడే. తల మీద ఏ గుర్తూ లేని మెత్త ఇనుము బోల్టు అదే సైజులో రెండున్నర టన్నుల దగ్గరే సాగడం మొదలుపెడుతుంది. దాన్ని ఎంత బిగించినా పట్టు నిలవదు. మళ్లీ మళ్లీ వదులయ్యే బోల్టు విషయంలో స్ప్రింగ్ వాషర్ మార్చడం కంటే ముందు చూడాల్సింది ఇది. గుర్తు లేని బోల్టు గేటుకు పనికొస్తుంది, సస్పెన్షన్‌లో ఎక్కడా వద్దు.

అంగుళాల బోల్టుకైతే తల మీద మధ్య నుంచి అంచుకు మూడు గీతలుండాలి, అది గ్రేడ్ 5. ఆరు గీతలుంటే గ్రేడ్ 8. మెట్రిక్‌లో గ్రేడ్ 5కు దాదాపు సమానం 8.8, గ్రేడ్ 8కి 10.9. మీ పాత బోల్టు తల మీద ఇంగ్లీషు ఎస్ అక్షరం కనిపిస్తే అది పాత బ్రిటిష్ గుర్తు, బలంలో ఇంచుమించు 8.8 దరిదాపుల్లోదే. గ్రేడు గుర్తుతోపాటు తయారీదారు గుర్తు కూడా ఉండాలి. గ్రేడు ఉండి తయారీదారు గుర్తు లేని బోల్టును తీసుకోవద్దు. నట్టు కూడా అదే తరగతిది కావాలి. గట్టి బోల్టుకు మెత్త నట్టు వేస్తే మొదట పోయేది నట్టు మరలే.

12.9 ఎందుకు వద్దంటున్నామంటే, మీకు అక్కర్లేని బలం కోసం కొత్త ప్రమాదం తెచ్చుకోవడం అవుతుంది. బోల్టు గట్టిదైనంత మాత్రాన పట్టు పెరగదు. ఇంకా ఎక్కువ బిగిస్తేనే పెరుగుతుంది. అంత బిగిస్తే మీ బండి బ్రాకెట్టు రేకు, బుష్షు గొట్టం నలుగుతాయి. ఈ బండికి విడి ఛాసిస్ లేదు, బ్రాకెట్లు బాడీ రేకుకే అతికి ఉంటాయన్నది మరవద్దు. పైగా అంత గట్టి ఉక్కులోకి యాసిడ్ కడుగుడు వల్లో, జింకు పూత పూసేటప్పుడో హైడ్రోజన్ చేరితే అది పెళుసైపోతుంది. బిగించిన రోజు బాగానే ఉంటుంది, గంటల తర్వాతో రోజుల తర్వాతో ఏ హెచ్చరికా లేకుండా తల ఊడి పడుతుంది. తుప్పు వదలడానికి బోల్టులను యాసిడ్‌లో నానబెట్టే అలవాటు షెడ్డుల్లో ఉంది. 10.9 మొదలుకొని పై తరగతుల బోల్టులకు ఆ పని అసలు చేయనివ్వద్దు. మీకు గ్రేడ్ 5 చాలు. గ్రేడ్ 8 మాత్రమే దొరికితే వేసుకోవచ్చు, బిగింపు మాత్రం గ్రేడ్ 5 లెక్కకే ఉంచండి.

స్టెయిన్‌లెస్ వద్దు. బజారులో దొరికే ఏ2-70 రకం 450 మెగాపాస్కల్ దగ్గర సాగుతుంది, 8.8 రకం 640 దాకా తట్టుకుంటుంది. స్టెయిన్‌లెస్ నట్టు స్టెయిన్‌లెస్ బోల్టు మీద బిగించేటప్పుడే మరలు అతుక్కుపోయి మధ్యలో నిలిచిపోవడం కూడా మామూలే. దాన్ని బంపరుకు, నంబర్ ప్లేటుకు వాడుకోండి. కాకినాడ గాలికి మందు ఇది: జింకు పూత బోల్టు, బిగించాక తల మీదా నట్టు మీదా మైనపు పూత లేదా గ్రీజు. నునుపు కాడకు పలచగా గ్రీజు పూసి గొట్టంలోకి దించితే, మళ్లీ ఎప్పుడైనా విప్పాల్సి వచ్చినప్పుడు కోత తప్పుతుంది. మీ పాత బోల్టులు బిగుసుకుపోయింది గొట్టం లోపలి తుప్పుతోనే.

ఇప్పుడు పొడవు. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. బోల్టుకు మర లేని నునుపు కాడ భాగం, మర భాగం రెండూ ఉంటాయి. బుష్షు గొట్టంలో, బ్రాకెట్టు రెండు చెంపల్లో కూర్చోవాల్సింది నునుపు కాడ. పూర్తి పొడవునా మర కోసిన బోల్టు వేస్తే మరల అంచులు బ్రాకెట్టు రంధ్రాన్ని ఆకురాయిలా అరగదీస్తాయి. మరల పల్లం దగ్గర బోల్టు సన్నం కాబట్టి తెగేదీ అక్కడే. అలాగని కాడ మరీ పొడుగైతే నట్టు కాడ చివర తగిలి ఆగిపోతుంది. పానాకు బిగిసినట్టు తెలుస్తుంది, లోపల బ్రాకెట్టు మాత్రం వదులుగానే ఉంటుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. బ్రాకెట్టు చెంపలు ఒక్కోటి 4 మి.మీ., గొట్టం పొడవు 60, తల కింద ఒక వాషరు, నట్టు కింద ఒక వాషరు, ఒక్కోటి 2.5 అనుకోండి. మొత్తం 73 మి.మీ. అర అంగుళం నైలాక్ నట్టు (వదులు కాకుండా లోపల నైలాన్ చుట్టు ఉన్న నట్టు) ఎత్తు 15.5 మి.మీ. వరకు ఉంటుంది. రెండు మూడు చుట్లు బయటకు రావాలి. అంటే 92 మి.మీ. పైచిలుకు. 3¾ అంగుళాల బోల్టు 95 మి.మీ. ఉంటుంది, సరిపోయిందనుకుంటాం. కానీ ఈ సైజు బోల్టుకు మర భాగం సాధారణంగా 1¼ అంగుళం, అంటే 32 మి.మీ. దగ్గర. మిగిలే కాడ 63.5. తల నుంచి లెక్కపెడితే అవతలి చెంప 66.5 దగ్గర మొదలవుతుంది. అంటే ఆ చెంప పూర్తిగా మరల మీదే కూర్చుంది. అదే 4 అంగుళాల బోల్టు తీసుకుంటే కాడ దాదాపు 70 మి.మీ. వస్తుంది, అవతలి చెంప లోపలే ఆగుతుంది, వాషరు దాకా రాదు. నట్టు బయట మిగిలిన 13 మి.మీ. మరలో మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంచి మిగతాది రంపంతో కోసి, అంచును ఆకురాయితో సరిచేసి, కోసిన చోట పెయింటు రాయండి. కోసే ముందే ఒక మామూలు నట్టు ఎక్కించి ఉంచితే, దాన్ని వెనక్కి తిప్పి తీసేటప్పుడు అదే మరను శుభ్రం చేస్తుంది. పొడుగు బోల్టు కొని మర వైపు కోయడం తప్పు కాదు, కాడ చాలని బోల్టు వేయడమే తప్పు. దుకాణానికి వెళ్లేటప్పుడు మొత్తం పొడవు ఒక్కటే కాక కాడ పొడవు కూడా రాసుకుని వెళ్లండి.

దొరికే చోటు గురించి దిగులు పడక్కర్లేదు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో హై టెన్సైల్ బోల్టుల దుకాణాల్లో యూఎన్ఎఫ్ అని అడగండి. ఇంకా దగ్గర దారి ట్రాక్టర్ స్పేర్ల దుకాణం. మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లలో, పాత విల్లీస్ జీపుల్లో ఇవే మరలు. కార్ల స్పేర్ల దుకాణంలో లేదన్న సైజు ట్రాక్టర్ల దుకాణంలో పెట్టెల కొద్దీ ఉండవచ్చు.

నట్ల విషయంలో చిన్న ఎంపిక ఉంది. కమాను కన్నులకు, షాక్ అబ్జార్బరుకు నైలాక్ నట్టు మంచిది. ఒకసారి విప్పితే పారేయండి. లోపలి నైలాన్ చుట్టు 120 డిగ్రీల వేడి దాకానే పనిచేస్తుంది, కాబట్టి సైలెన్సరు గొట్టాన్ని ఆనుకుని ఉన్నచోట, బ్రేకు వేడి తగిలేచోట వద్దు. స్టీరింగు టై రాడ్ ఎండ్ల దగ్గర కోట బురుజుల్లా గాళ్లున్న క్యాజిల్ నట్టు, స్ప్లిట్ పిన్ను తప్ప ఇంకేదీ పెట్టనివ్వద్దు. చెప్పిన బిగింపుకు వచ్చాక గాడి రంధ్రానికి ఎదురుపడకపోతే మరికాస్త బిగించి తర్వాతి గాడికి తేవాలి, వెనక్కి తిప్పకూడదు. వాషర్లు మందంగా, గట్టిగా ఉండేవి కొనండి. రేకు వాషరు నలిగినంత మేరా పట్టు పోతుంది.

బిగింపు ఎంతన్నది బండి మాన్యువల్‌లో ఉంటే అదే ప్రమాణం. లేకపోతే గ్రేడ్ 5 యూఎన్ఎఫ్ బోల్టులకు, మరలు పొడిగా ఉన్నప్పుడు: 5/16కు 26 న్యూటన్ మీటర్లు, 3/8కి 47, 7/16కు 75, అర అంగుళానికి 115. మరకు నూనె గానీ గ్రీజు గానీ అంటితే పాతిక శాతం తగ్గించాలి, లేకపోతే అదే అంకెకు బోల్టు సాగిపోతుంది. నైలాక్ నట్టు వేళ్లకు తిరగదు, దాన్ని ఎక్కించడానికే కొంత బలం పడుతుంది. ఆ బలం ఎంతో టార్క్ రెంచిలో (ఎంత బిగింపు పడుతోందో చూపే పానాలో) చూసి పై అంకెకు కలపండి.

రబ్బరు బుష్షు ఉన్న ఏ బోల్టునూ బండి గాల్లో ఉండగా చివరి బిగింపు బిగించకూడదు. స్టాండ్ల మీద ఉన్నప్పుడు కమాను వేలాడుతుంది. ఆ స్థితిలో గొట్టాన్ని బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలి తిరిగి, ఎప్పుడూ ఆ మెలికలోనే బతుకుతుంది. కొద్ది నెలల్లో చిరుగుతుంది. వేళ్లతో, ఆపై పానాతో కొంచెం బిగించి, చక్రాల మీదికి దించి, డిక్కీ మీద చేతులు వేసి నాలుగుసార్లు అదిమి వదిలి, అప్పుడు టార్క్ రెంచి పట్టండి. మీ బుష్షులు కొత్తవే అయినా గాల్లోనే బిగించారేమో అడిగి తెలుసుకోండి.

ఎలాగూ వెనక వైపు విప్పుతున్నారు కాబట్టి యూ బోల్టులూ చూడండి. కమాను కట్టను ఇరుసుకు అదిమి పట్టేవి అవే. కట్ట మధ్యలో ఉండే సెంటర్ బోల్టు పని పట్టీలను ఒకటిగా ఉంచడం, తన తలతో ఇరుసును సరైన చోట కూర్చోబెట్టడం. బరువు మోయడం దాని పని కాదు. యూ బోల్టులు సడలితే ఆ పని దాని మీద పడి తెగుతుంది. అందుకే తెగిన సెంటర్ బోల్టు ఒక్కటే మార్చి ఊరుకుంటే మళ్లీ తెగుతుంది. విప్పిన యూ బోల్టులను తిరిగి వాడొద్దు. మామూలు కడ్డీని కొలిమిలో ఎర్రగా కాల్చి వంచి ఇచ్చేవి అసలే వద్దు, అలా కాల్చితే ఉక్కుకున్న గట్టిదనం పోతుంది. ఇరుసు గొట్టానికి సరిపోయే వంపుతో తయారై వచ్చినవి తెచ్చి, నాలుగు నట్లనూ ఎదురెదురు మూలల వరసలో మూడు విడతలుగా బిగించండి.

ముందు వైపు పని మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. అక్కడ స్ప్రింగు బదులు టార్షన్ బార్ ఉంది. పొడవాటి ఉక్కు కడ్డీ మెలితిరిగి బండి బరువు మోస్తుంటుంది. ఆ మెలికను నెమ్మదిగా వదలకుండా, చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్ బోల్టు విప్పితే ఆర్మ్ ఒక్కసారిగా కొడుతుంది, ఎముక విరగ్గలదు. బండిని గట్టి స్టాండ్ల మీద నిలిపి, ఆర్మ్ కింద వేరే జాకీ పెట్టి, మాన్యువల్ చెప్పిన వరసలోనే దించాలి. ఇటుకల మీద నిలిపిన బండి కిందికి ఎవరినీ వెళ్లనివ్వకండి. కుడి ఎడమ బార్లకు విప్పేముందే గుర్తు పెట్టండి. ఒక వైపు మెలికకు అలవాటు పడ్డ బార్‌ను రెండో వైపు వేయకూడదు. పాత బోల్టులను పారేయకుండా, ఊడిన వరసలోనే అట్టముక్కకు గుచ్చి పేరు రాసి ఉంచండి. కొత్తది కొనేటప్పుడు నమూనా అదే.

బ్రాకెట్టు రంధ్రం ఇప్పటికే సాగిపోయి ఉంటే పెద్ద బోల్టు కోసం డ్రిల్లు వేయించొద్దు. బుష్షు గొట్టం సైజు మారదు కదా. రంధ్రం చుట్టూ తుప్పు లేని మేర గీకి, సరిగ్గా అర అంగుళం రంధ్రమున్న 4 మి.మీ. ఉక్కు బిళ్లను, అసలు బోల్టునే గురి కోసం దూర్చి, వెల్డింగ్ పెట్టించండి. ఆ వేడి తగిలిన బోల్టును మళ్లీ వాడకూడదు. బుష్షు ఆ సమయంలో అక్కడ ఉండకూడదు. రేకు చేత్తో అదిమితే లోపలికి పోయేంత తుప్పు ఉంటే బిళ్ల అతకదు, ముందు రేకు పని చేయించాలి.

బిగింపులన్నీ అయ్యాక ప్రతి నట్టు మీంచి బ్రాకెట్టు మీదికి పెయింటుతో ఒక సన్న గీత గీయండి. 50 కిలోమీటర్లకు ఒకసారి, 500కు ఒకసారి కింద పడుకుని చూడండి. గీత విరిగి ఉంటే నట్టు తిరిగింది. యూ బోల్టులను మాత్రం గీత కలిసే ఉన్నా 500 కిలోమీటర్లకు టార్క్ రెంచితో మళ్లీ తనిఖీ చేయాలి, ఎందుకంటే పట్టీలు సర్దుకునేకొద్దీ నట్టు తిరగకుండానే పట్టు తగ్గుతుంది. ముందు కన్ను దగ్గర గీత చెదరకుండా ఉండి కూడా టక్ టక్ వినిపిస్తే, కమాను వెనక కొసను పట్టే షాకిల్ బుష్షులనూ షాక్ అబ్జార్బరు కింది బోల్టునూ ఇదే పద్ధతిలో కొలవండి. ఆ రోజు షెడ్డువాళ్లు వాటికి కూడా అదే డబ్బాలోంచి తీసి ఉండవచ్చు.